బడిలో ర్యాంకుల పోటీని తగ్గించడం ఎలా? ప్రధానోపాధ్యాయులు ఎక్కడ మొదలుపెట్టాలి

పదో తరగతి ఫలితాలు వెలువడిన మర్నాటికల్లా తెలుగు రాష్ట్రాల కూడళ్లలో పిల్లల ఫొటోలు, మార్కులతో ఫ్లెక్సీలు వెలుస్తాయి. దీన్ని అరికట్టేందుకు ప్రభుత్వాలు ప్రయత్నించకపోలేదు. ఉమ్మడి రాష్ట్రంలో మార్కుల స్థానంలో గ్రేడ్లు వచ్చాయి, కానీ 10 జీపీఏ ఎంతమందికి వచ్చిందన్నదే కొత్త ప్రకటన అయింది. తరువాత రెండు రాష్ట్రాలూ మళ్లీ మార్కులకే మళ్లాయి. ర్యాంకుల ప్రకటనలపై ఆంధ్రప్రదేశ్ 2022లో నిషేధం కూడా విధించింది. పై నుంచి వచ్చే ఉత్తర్వులు బడి వెలుపలి గోడ దగ్గరే ఆగిపోతున్నాయి. లోపల రోజూ జరిగే పనులను మార్చగలిగేది ప్రధానోపాధ్యాయులే. ఆ మార్పుకు ఒక వరుస ఉంది, దాన్ని తలకిందులు చేస్తే ఫలితం దక్కదు.

1. ముందు ఉపాధ్యాయుల మధ్య పోటీని ఆపండి

చాలామంది పిల్లలతో మొదలుపెడతారు. నా దృష్టిలో అది పొరపాటు. స్టాఫ్ మీటింగులో సెక్షన్లవారీగా సగటు మార్కులు చదివి, తక్కువ వచ్చిన ఉపాధ్యాయుణ్ణి అందరి ముందు నిలదీసే బడిలో, ఆ ఒత్తిడి మరుసటి పీరియడుకే తరగతి గదిలోకి చేరుతుంది. కాబట్టి బడి తెరవకముందే, అంటే జూన్ మొదటి వారంలోనే, ఫలితాల సమీక్షను ఒక్కొక్క ఉపాధ్యాయునితో విడిగా జరుపుతామని ప్రకటించి, ఆ మాట నిలబెట్టుకోవాలి. ఉమ్మడి సమావేశంలో మార్కులకు బదులుగా ఏ పాఠంలో పిల్లలు ఎక్కడ తడబడుతున్నారన్నది చర్చకు రావాలి. ఎనిమిదో తరగతి గణితంలో రుణ సంఖ్యలు ఇద్దరు ఉపాధ్యాయులకూ ఇబ్బందిగా ఉన్నాయని తేలితే, వారు ఒకరి తరగతిని మరొకరు చూసి రావడానికి టైంటేబుల్‌లో ఒక పీరియడ్ ఖాళీ చేయించండి.

2. మార్కులను బట్టి సెక్షన్లు విడదీయకండి

ఐఐటీ ఫౌండేషన్ బ్యాచ్, ఒలింపియాడ్ బ్యాచ్ అని ఆరో తరగతి నుంచే పిల్లలను వేరుచేసే పద్ధతి మన దగ్గర బాగా వేళ్లూనుకుంది. చివరి సెక్షన్‌లో పడిన పిల్లవాడికి తనపై బడి అభిప్రాయం ఏమిటో ఎవరూ చెప్పనక్కరలేదు. విశాఖపట్నంలో ఒక విద్యార్థిని మరణానికి సంబంధించిన కేసులో 2025 జులైలో తీర్పు ఇస్తూ సుప్రీంకోర్టు జారీచేసిన మార్గదర్శకాలు కూడా మార్కుల ఆధారంగా బ్యాచ్‌లు విడదీయడాన్ని, అందరి ముందు అవమానించడాన్ని వద్దన్నాయి. యాజమాన్యంతో మాట్లాడేటప్పుడు ఈ ఆధారం పనికొస్తుంది.

అన్ని స్థాయిల పిల్లలనూ కలిపి సెక్షన్లు చేసిన తరువాత, వెనుకబడినవారికి అదనపు సాయం అవసరమైతే పాఠాన్ని బట్టి తాత్కాలిక బృందాలు ఏర్పాటు చేయండి. భిన్నాల కోసం రెండు వారాలు విడిగా కూర్చున్న పిల్లలు ఆ తరువాత మామూలు తరగతికి తిరిగి రావాలి. బృందం పేరుగా పాఠం పేరే ఉండాలి.

3. దిద్దిన పేపరులో ముందు వ్యాఖ్య, తరువాత మార్కు

ఇజ్రాయెల్‌లో విద్యా మనస్తత్వ పరిశోధకురాలు రూత్ బట్లర్ 1988లో ప్రచురించిన అధ్యయనంలో, కేవలం వ్యాఖ్యలు అందుకున్న పిల్లలు మెరుగుపడ్డారు. గ్రేడుతో పాటు వ్యాఖ్య కూడా అందుకున్నవారిలో అలాంటి మెరుగుదల కనిపించలేదు. మార్కు కంటబడగానే పిల్లలు పక్కవాడి పేపరులోకి తొంగిచూస్తారు, వ్యాఖ్య చదవరు. ఇది టీచర్లందరికీ అనుభవమే.

మన ఎఫ్ఏ (ఏడాది మధ్యలో జరిపే నిర్మాణాత్మక మూల్యాంకనం) విధానంలో లఘు పరీక్ష మార్కులు రికార్డులో నమోదు చేయక తప్పదు, కానీ వాటిని పిల్లలకు ఏ రోజు చెప్పాలన్నది బడి నిర్ణయించుకోవచ్చు. మొదటి రోజు “హారాలు సమానం చేయకుండానే కూడావు, మూడో లెక్క మళ్లీ చేసి చూపించు” అన్నంత స్పష్టమైన ఒక్క వాక్యంతో పేపరు ఇచ్చి, సవరించి తెచ్చిన తరువాతే మార్కు చెప్పండి. “బాగుంది”, “ఇంకా కృషి చేయాలి” అనే మాటలు వ్యాఖ్యల కిందికి రావు. అయిదు సెక్షన్లు చూసే ఉపాధ్యాయుని చేతికి రెండువందల పేపర్లు వస్తాయి కనుక, ప్రతి పరీక్షకూ ఇలా దిద్దమని ఒత్తిడి తెస్తే రెండో నెలకే ఇది మూలన పడుతుంది. యూనిట్‌కు ఒక పేపరు చాలు. ఎక్కువమంది చేసిన తప్పులను, పేర్లు చెప్పకుండా, బోర్డు మీద చర్చించవచ్చు.

4. ప్రోగ్రెస్ కార్డు నుంచి రెండు గడులు తీసేయండి

ర్యాంకు గడి, తరగతిలో అత్యధిక మార్కు గడి రెండూ అనవసరం. వాటి స్థానంలో ఆ విద్యార్థి గత పరీక్ష మార్కును, తన చదువు గురించి తానే రాసుకునే రెండు వాక్యాలను చేర్చండి. స్వీయ మూల్యాంకనం, తోటివారి మూల్యాంకనం ఉండే సమగ్ర ప్రగతి పత్రాన్ని 2020 జాతీయ విద్యా విధానమే సూచించింది. నోటీసు బోర్డు మీది మార్కుల జాబితా, వార్షికోత్సవంలో ఫస్ట్, సెకండ్ బహుమతులు కూడా ఇదే సమయంలో ఆపాలి.

5. తల్లిదండ్రులకు నిజం చెప్పండి

“మావాడు క్లాసులో ఎన్నోవాడు?” అన్న ప్రశ్న తప్పక వస్తుంది. దాన్ని చిన్నచూపు చూడకూడదు. ఎప్‌సెట్, జేఈఈ ర్యాంకుల పరీక్షలే. బాసర, నూజివీడు వంటి ట్రిపుల్ ఐటీల సీట్లు పదో తరగతి మార్కులను బట్టే వస్తాయి. బయట పోటీ లేదని నమ్మబలికితే తల్లిదండ్రులు మరో బడి చూసుకుంటారు. మార్కులు దాచబోమని, ఇతర పిల్లలతో పోల్చడం మాత్రమే మానేస్తున్నామని చెప్పండి. సమావేశంలో అందరి ముందు మార్కులు చదవకుండా, ఒక్కో కుటుంబానికి అయిదు నిమిషాలు కేటాయించి, పిల్లల నోటుపుస్తకం తెరిచి జూన్‌లో రాసినదీ ఇప్పుడు రాసినదీ పక్కపక్కన చూపించండి. ఎన్ని ఉపన్యాసాలు ఇచ్చినా ఇంత నమ్మకం కలగదు.

6. ఫలితాల వారానికి ఫిబ్రవరిలోనే సిద్ధం కండి

ఫలితాలు వచ్చిన రోజున యాజమాన్యాన్ని ఒప్పించడం అసాధ్యం, ఎందుకంటే అప్పటికే అడ్మిషన్ల వేడి మొదలై ఉంటుంది. ఫ్లెక్సీ మీద వ్యక్తుల ఫొటోలు, మార్కులు వేయబోమన్న నిర్ణయాన్ని ఫిబ్రవరిలోనే రాతపూర్వకంగా తీసుకోండి. ఫెయిలైన పిల్లలకు అదే సాయంత్రం ఏ ఉపాధ్యాయుడు ఫోన్ చేయాలో జాబితా రాసుకోండి. అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ ఫీజు గడువు, బడిలో జరిగే ప్రత్యేక తరగతుల వేళలు, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 ఆ ఉపాధ్యాయుల దగ్గర ముందే ఉండాలి.