బొచ్చెనా శీలావతా తేలకపోతే
బెంగళూరు చుట్టుపక్కల చెరువుల్లో గాలం వేసే మనోళ్లకి చిన్న చిట్కా. ఒళ్లు బొచ్చె (కట్ల) చేపలా ఉండి తల మాత్రం చిన్నగా ఉన్న చేప పడితే కొత్త జాతి అనుకోకండి, హేచరీల్లో (చేపపిల్లల్ని పుట్టించే చోట) బొచ్చె, శీలావతి (రోహు) రెండూ ఒకేచోట గుడ్లు పెడితే రెండూ కలిసిన హైబ్రిడ్‌లు పుడుతుంటాయి. ముందు నోరు చూడండి, బొచ్చెకి పైకి తిరిగి ఉంటుంది, మీసాలుండవు, శీలావతికేమో కిందికి ఉండి పెదవి అంచు కుచ్చులా ఉంటుంది, రెండూ కాకుండా మధ్యస్తంగా ఉంటే డౌటే. ఏ చేపో ఎవరికైనా చూపించి తేల్చుకోవాలంటే, చేప పట్టుకుని నవ్వుతూ దిగిన ఫొటో దేనికీ పనికిరాదు (నావన్నీ అవే!), తడిగుడ్డ మీద పడుకోబెట్టి, పక్కన స్కేలు పెట్టి, రెక్కలు విప్పి, పక్క గీత (ఒంటి పక్కన తల నుంచి తోక దాకా ఉండే గీత) మీద పొలుసులు లెక్కపెట్టేంత క్లియర్‌గా తీయండి, నోరు క్లోజప్ వేరేగా. రంగుని మాత్రం నమ్మకండి, నీళ్లని బట్టి మారిపోతుంది.