మోకాలి మార్పిడి ఆపరేషన్ తర్వాత ఇంట్లో మొదటి ఆరు వారాలు ఎలా గడపాలి?

మోకాలి మార్పిడి చేయించుకున్నవాళ్లను చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్లూ "కాలు ఎంత వంగుతోంది?" అని అడుగుతారు. దానికన్నా ముందు అడగాల్సింది కాలు పూర్తిగా చాపగలుగుతున్నారా అని. వంగడం నెమ్మదిగానైనా వస్తుంది. మొదటి వారాల్లో చాపడం అశ్రద్ధ చేస్తే మాత్రం తర్వాత తెచ్చుకోవడం చాలా కష్టం. మోకాలు 10 డిగ్రీలు వంగి ఉండిపోయినా చాలు, నిలబడినంతసేపూ తొడ కండరం బిగుసుకుని పనిచేయాల్సిందే. దాంతో త్వరగా అలసట వస్తుంది, నడకలో కుంటు కనిపిస్తుంది, కొన్నాళ్లకు నడుం నొప్పి తోడవుతుంది.

ఆస్పత్రి నుంచి వచ్చేలోగా ఇల్లు సర్దండి

నడిచే దారిలో పట్టాలు, డోర్‌మ్యాట్లు, వైర్లు తీసేయండి. కుంగిపోయే నులక మంచం, లోతైన సోఫా పనికిరావు. కూర్చుంటే రెండు పాదాలూ నేలకు ఆనేంత ఎత్తున్న మంచం, చేతులున్న గట్టి కుర్చీ కావాలి. టైల్స్ మీద జారే పల్చటి ప్లాస్టిక్ కుర్చీని నమ్ముకోవద్దు. నేల మరుగుదొడ్డి మాత్రమే ఉంటే కమోడ్ కుర్చీ ముందే తెప్పించండి. బాత్రూంలో రబ్బరు మ్యాట్, గోడకు పట్టుకునే కడ్డీ తప్పనిసరి.

వాకర్ ఎత్తు కూడా చూడండి. చేతులు వదులుగా వేలాడేసి నిలబడితే పిడి మణికట్టు మడత దగ్గరికి రావాలి. అంతకన్నా కిందికుంటే ముందుకు వంగి నడుస్తారు. గడప దగ్గర ఆగి, ముందు వాకర్‌ను అవతల పెట్టి, నాలుగు కాళ్లూ నేలకు ఆనాకే అడుగు వేయండి.

దిండు మోకాలి కింద వద్దు

ఇంట్లోవాళ్లు ప్రేమతో చేసే పొరపాటు ఇదే. మోకాలి కింద మెత్తటి దిండు పెడితే హాయిగా ఉంటుంది, నొప్పి తగ్గుతుంది, నిద్ర పడుతుంది. కానీ కాలు వంగిన స్థితిలోనే గంటలకొద్దీ ఉండి, వెనకవైపు కండరాలు, కీలు పొర అలాగే బిగుసుకుపోతాయి.

ఒక తువ్వాలును గట్టిగా చుట్టండి. దాన్ని మడమ కింద పెట్టి, మోకాలి వెనక భాగాన్ని గాల్లో వదిలేయండి. వేళ్లు పైకప్పు వైపు చూడాలి, పాదం పక్కకు వాలకూడదు. మొదట్లో మోకాలి వెనక లాగుతుంది, 5 నిమిషాలు కూడా భరించలేరు. అలాగే మొదలుపెట్టి, ఒక్కోసారి 10 నిమిషాల చొప్పున రోజుకు మూడు నాలుగుసార్లు చేయండి. తువ్వాలు తీసేసి మోకాలి కింద చెయ్యి పెట్టి చూస్తే ఖాళీ ఎంతుందో తెలుస్తుంది. రోజురోజుకీ ఆ సందు తగ్గాలి.

వ్యాయామాలు

నొప్పి మాత్ర వేసుకున్న అరగంటకు మొదలుపెట్టండి. నొప్పికి భయపడి మానేయడం వల్లే ఎక్కువమందికి కాలు బిగుసుకుంటుంది.

1. పాదాన్ని పైకీ కిందికీ ఆడించడం: మెలకువగా ఉన్నప్పుడు గంటకోసారి 10 నుంచి 20 సార్లు. పిక్కలో రక్తం గడ్డకట్టే ప్రమాదాన్ని తగ్గించుకోవడానికి ఇది అవసరం.
2. తొడ బిగించడం: కాలు చాపి మోకాలిని పరుపుకేసి నొక్కి, 5 అంకెలు లెక్కపెట్టి వదలండి. 10 సార్లు, రోజుకు మూడు పూటలా.
3. మడమ జార్చడం: మడమ కింద ప్లాస్టిక్ కవరు వేసుకుని పిరుదుల వైపు మెల్లగా లాగండి, 5 అంకెలు ఆపండి, మళ్లీ పూర్తిగా చాపండి.
4. కాలు తిన్నగా అడుగు ఎత్తు లేపడం: లేపేటప్పుడు మోకాలు వంగిపోతుంటే తొడకు ఇంకా బలం రాలేదని అర్థం. మరికొన్ని రోజులు రెండోదే చేయండి.

తర్వాత గుడ్డలో చుట్టిన ఐస్ 15 నుంచి 20 నిమిషాలు పెట్టండి. వేడి కాపడం వద్దు, వాపు పెరుగుతుంది. అరగంటకు మించి కాళ్లు వేలాడేసి కూర్చున్నా వాపు వస్తుంది.

నడక, మెట్లు

ముందు మడమ, తర్వాత వేళ్లు. మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు. వాకర్ నుంచి చేతికర్రకు మారాక కర్ర ఎదుటి చేతిలో ఉండాలి: కుడి మోకాలికి ఆపరేషన్ అయితే ఎడమ చేతిలో.

చేయకూడనివి

నూనె రాసి మర్దన చేయించుకోవద్దు. పిక్కలో గడ్డ ఉంటే కదిలి ఊపిరితిత్తుల్లోకి వెళ్లే ప్రమాదం ఉంది. గాయం మీద పసుపు, ఆకు పసరు ఏదీ వేయకండి. కుట్లు లేదా క్లిప్పులు సాధారణంగా 12 నుంచి 14 రోజులకు తీస్తారు, సర్జన్ చెప్పేవరకూ తడపొద్దు. రక్తం పలుచబడే మాత్రలు రాసినన్ని రోజులూ వాడాలి. వాటితోపాటు మందుల షాపులో అడిగి తెచ్చుకున్న నొప్పి మాత్రలు వేసుకుంటే కడుపులో రక్తస్రావం కావచ్చు, కిడ్నీలకూ ముప్పే. షుగరున్నవాళ్లు ఈ ఆరు వారాలూ మరింత అదుపులో ఉంచుకోవాలి, చక్కెర పెరిగితే గాయం ఆలస్యంగా మానుతుంది, చీము పట్టే అవకాశం పెరుగుతుంది.

గాయానికి బయటివైపు చర్మం మొద్దుబారినట్టుండటం, నడుస్తుంటే టక్కుమని శబ్దం రావడం, కొన్ని నెలలపాటు మోకాలు కాస్త వెచ్చగా ఉండటం మామూలే. కోతలో చర్మానికి వెళ్లే సన్నటి నరం తెగుతుంది. శబ్దం లోహం, ప్లాస్టిక్ తగలడం వల్ల వస్తుంది.

వెంటనే ఫోన్ చేయాల్సినవి

గాయం నుంచి రసి కారడం, ఎరుపు పెరుగుతూ పోవడం, తగ్గని జ్వరం, పిక్క వాచి ముట్టుకుంటే నొప్పి పుట్టడం: వీటిలో ఏది కనిపించినా అదే రోజు సర్జన్‌కు చెప్పాలి. ఆయాసం, ఛాతీ నొప్పి హఠాత్తుగా వస్తే 108కి ఫోన్ చేయండి.

ఆరో వారంలో చూసుకోవాల్సింది

చాలామందికి రెండు వారాలకు 90 డిగ్రీల దాకా, ఆరు వారాలకు 110 దాకా వంగుతుంది. కుర్చీలో కూర్చుని పాదం వెనక్కి జరపండి. మోకాలి నుంచి కిందికి కాలు నిట్టనిలువుగా ఉంటే 90 వచ్చినట్టు. ఆరు వారాలకు అక్కడికి కూడా రాకపోతే, లేదా మడమ కింద తువ్వాలు పెట్టినప్పుడు మోకాలు ఇంకా వంగే ఉంటే, తర్వాతి చెకప్ దాకా ఆగకండి. అవసరమైతే మత్తు ఇచ్చి కాలు వంచుతారు. లోపల మచ్చ కణజాలం గట్టిపడక ముందు, మొదటి మూడు నెలల్లోనే దానివల్ల ఎక్కువ ఫలితం ఉంటుంది.