థెరపీలో వచ్చిన పని ఇంట్లో రాకపోతే: సమస్య - పరిష్కారం

సమస్య: థెరపిస్టు దగ్గర చక్కగా చేసే పనిని ఆటిజం ఉన్న బిడ్డ ఇంట్లో చేయదు.

పెద్దలు తరచుగా దీన్ని మొండితనమనుకుంటారు. ఆటిజం ఉన్న పిల్లల్లో చాలామందికి నేర్చుకున్న గది, నేర్పిన మనిషి, వాడిన వస్తువు, విన్న మాట అన్నీ కలిసి ఒకే పాఠంగా మనసులో నిలుస్తాయి. వాటిలో ఏ ఒక్కటి మారినా అది కొత్త పనిగానే తోచవచ్చు. చేతులు కడుక్కోవడాన్నే తీసుకుందాం. సెంటర్‌లో కుళాయి మీటను పైకెత్తితే నీళ్లొస్తాయి, సీసాను నొక్కితే సబ్బు వస్తుంది. ఇంట్లోనేమో కుళాయిని తిప్పాలి, సబ్బేమో చేతిలో జారిపోయే బిళ్ల. మొదటి రెండు మెట్లూ తెలియనివే కనుక బిడ్డ కుళాయి ముందు అలాగే నిలబడిపోతుంది.

కాబట్టి మళ్లీ మొదటినుంచి నేర్పే ముందు అడ్డు ఎక్కడుందో తేల్చుకోవాలి. సెంటర్‌లో వాడే సబ్బు సీసానే ఇంట్లో పెట్టి చూడండి. అప్పుడు ముందుకు సాగితే అడ్డు వస్తువుదే. సాగకపోతే, అమ్మానాన్నల్లో ఒకరు సెంటర్‌లోనే ఆ పని చేయించి చూడాలి. అక్కడా ఆగితే, మనిషి మారడమో, చెప్పే మాట మారడమో కారణమై ఉండవచ్చు. తెలిసిన తర్వాత ఒక్కసారికి ఒక్క మార్పే చేస్తూ వెళ్లాలి. నేర్పేసి, ఇక అన్నిచోట్లా అదే వస్తుందిలే అని ఎదురుచూడడం చాలదని ప్రవర్తనపై పరిశోధన చేసిన ట్రెవర్ స్టోక్స్, డొనాల్డ్ బేర్ 1977లోనే ఒక వ్యాసంలో వివరించారు. తగినన్ని వేర్వేరు ఉదాహరణలతో నేర్పడం, రెండుచోట్లా ఉమ్మడి వస్తువులు ఉంచడం వారు చూపిన మార్గాల్లోవే. ఇంట్లో ఎన్నడూ అక్కరకు రాని పనిని మాత్రం ఇంట్లో చేసి చూపమని పట్టుబట్టడంలో అర్థం లేదు. అలాంటి లక్ష్యాన్నే మార్చమని థెరపిస్టును అడగవచ్చు.

సమస్య: చెబితేనే చేస్తుంది, చెప్పకపోతే మన ముఖం చూస్తూ ఉంటుంది.

మన మాట కూడా ఆ పనిలో ఒక మెట్టైపోయింది. మాటసాయాన్ని మాన్పించడం తరచుగా కష్టం కనుక, దాని స్థానంలో కుళాయి పక్కన మెట్లవారీ బొమ్మలు అంటించి, బిడ్డ ఆగినప్పుడు మనసులో అయిదు లెక్కపెట్టి, అవసరమైతేనే మౌనంగా బొమ్మను చూపాలి.

సమస్య: మాటలకు బదులు బొమ్మల కార్డులతోనో టాబ్లెట్ కంప్యూటర్‌తోనో అడగడం సెంటర్‌కే పరిమితమైంది.

ఇంట్లో ఆ కార్డులు బీరువాలో ఉంటాయి, పైగా బిడ్డ అడగకముందే అన్నీ అందుతాయి. అవి ఎప్పుడూ చేతికందేచోట ఉండాలి. శిక్షగా వాటిని తీసేయడం మాట్లాడేవారి నోరు నొక్కడంతో సమానం. అడిగినది వెంటనే దొరికితే అదే బహుమతి, వేరే స్టిక్కర్లు అక్కర్లేదు.

సమస్య: ఇంట్లో వస్తుంది, జనం మధ్య రాదు.

చప్పుడు, వెలుతురు, రద్దీ కలిసి బిడ్డ శక్తినంతా హరిస్తుండవచ్చు. రద్దీ లేని వేళ, కొద్ది నిమిషాలతో మొదలుపెట్టండి. చెవులు మూసుకుంటున్నప్పుడు, ఏడుస్తున్నప్పుడు పాఠం ఆపి, ముందు అక్కడినుంచి బయటికి తీసుకురండి.

సమస్య: వచ్చిన పని సెంటర్‌తో సహా అన్నిచోట్లా ఒక్కసారిగా పోయింది.

పై ఉపాయాలేవీ దీనికి పనికిరావు. నొప్పి, నిద్రలేమి, మూర్ఛ వంటివి కారణం కావచ్చు కనుక, సాధన పెంచకుండా ముందు డాక్టరుకు చూపించాలి.