పిప్ ఇన్‌స్టాల్ కొట్టే ముందు ఒక్క నిమిషం

ఏఐ టూల్ ఏదైనా పైథాన్ లైబ్రరీ పేరు చెబితే వెంటనే పిప్‌తో (పైథాన్ ప్యాకేజీలను ఇన్‌స్టాల్ చేసే టూల్) ఇన్‌స్టాల్ కొట్టేయకండి. లేని ప్యాకేజీల పేర్లు కూడా తడుముకోకుండా చెప్పేస్తుంది. ఆ పేరుతోనే ఎవడో మాల్‌వేర్ అప్‌లోడ్ చేసి కూర్చుంటే అంతే సంగతులు. సోర్స్ ప్యాకేజీ (ముందే బిల్డ్ చేయకుండా కోడ్‌గానే వచ్చేది) అయితే ఇన్‌స్టాల్ అవుతుండగానే అందులోని కోడ్ నడుస్తుంది, ఇంపోర్ట్ దాకా ఆగదు.

నేనైతే ముందు పైపీఐలో (పైథాన్ ప్యాకేజీలు ఉండే సైట్) దాని రిలీజ్ హిస్టరీ తెరుస్తా. పోయిన వారమే పుట్టి, ఒకే వెర్షన్ ఉండి, గిట్‌హబ్ లింకు కూడా లేకపోతే ముట్టుకోను. (గిట్‌హబ్ స్టార్లు చూసి మురిసిపోకండి, అవి కొనుక్కోవచ్చు.)

ప్యాకేజీ అసలుదే అయినా సలహా పాతది కావచ్చు. 2023లో, పైథాన్ 3.12తో డెప్రికేట్ అయిన (అంటే ఇక వాడొద్దని చెప్పేసిన) యూటీసీనౌ అనే, ఇప్పటి యూటీసీ టైమ్ ఇచ్చే ఫంక్షన్‌ను నా టూల్ ఇప్పటికీ రాసిస్తోంది. టెస్టులు రన్ చేసేటప్పుడు వార్నింగులను ఎర్రర్లుగా మార్చి పెట్టుకుంటే ఇలాంటివి అక్కడే దొరికిపోతాయి.