ప్రయోగాన్ని చదవడం – మూడో పాఠం: బతికించడం వేరు, పెంచడం వేరు

1952లో రియో డి జనీరోలో నాడీశాస్త్రవేత్త రీటా లెవీ-మోంటాల్చీనీ కోడిపిండపు జ్ఞాననాడీ గాంగ్లియాన్ (నాడీకణాల గుత్తి) పక్కన చిట్టెలుక కంతి ముక్కను ఉంచినప్పుడు, ఒక్క రోజులోనే దాని చుట్టూ చంద్రుడికి వరదగుడి కట్టినట్టు తంతువులు అలముకున్నాయని కిందటి పాఠంలో చూశాం. ఆ కంతి స్రవించిన పదార్థమే ఎన్‌జీఎఫ్ అనే నాడీ వృద్ధి కారకం.

అయితే ఆ కారకం తంతువులను పెంచిందా, లేక చనిపోవలసిన కణాలను బతికిస్తే అవి తమంతట తాము తంతువులు సాచాయా అన్నది వరదగుడిని చూసి చెప్పలేము. ముడిపడి ఉన్న రెండు కారణాలలో ఒకదానిని తప్పించి రెండవదానిని చూడడమే నేటి అభ్యాసం.

పిండంలో జ్ఞాననాడీకణాలు అవసరానికి మించి పుడతాయి. చర్మం కొద్దిపాటి ఎన్‌జీఎఫ్‌ను మాత్రమే తయారుచేస్తుంది. నొప్పిని, వేడిని గ్రహించవలసిన కణాల ఆక్సాన్ (కణం సాచే పొడవాటి తంతువు) కొనలు చర్మాన్ని చేరి, ట్రాక్-ఏ (TrkA) అనే గ్రాహకంతో దానిని అందుకుంటాయి. ఆ జంట చిన్న తిత్తిలో చేరి ఆక్సాన్ పొడవునా వెనక్కి ప్రయాణించి కణదేహాన్ని చేరితే మరణక్రమం ఆగుతుంది. ఆ సంకేతం అందని కణంలో బాక్స్ అనే ప్రోటీన్ మైటోకాండ్రియా పైపొరకు రంధ్రాలు చేసి కణాన్ని చంపుతుంది.

1994లో ఎన్‌జీఎఫ్ జన్యువు లేని చిట్టెలుకలను పరిశీలించగా ఈ కణాలు నశించాయి. చనిపోయిన కణం పెరుగుదల గురించి ఏమీ చెప్పదు కదా! అందుకే 2000లో ప్రచురితమైన ప్రయోగం నాకు ఎంతో విలువైనదిగా తోస్తుంది. ఎన్‌జీఎఫ్‌తో పాటు బాక్స్‌ను కూడా తొలగించిన ఎలుకలలో కణాలు బతికాయి, వెన్నుపాములోకి వెళ్లే శాఖలు యథాప్రకారం వెళ్లాయి, కాని చర్మంలోకి చేరవలసిన శాఖలు చేరలేదు. నొప్పి కణాలకు గుర్తుగా ఉండే సబ్‌స్టెన్స్-పి కూడా వాటిలో తయారు కాలేదు. అంటే బతుకు ఒక్కటే చాలలేదు: చర్మానికి చేరడానికీ, పరిణతికీ ఆ కారకమే కావలసివచ్చింది. అయితే అది దారి కూడా చూపుతుందని ఈ ప్రయోగం నిరూపించలేదు, అంతవరకు సాగదీయకండి.

అభ్యాసం: 1979లో, ప్రయోగశాలలో కణాలను పెంచే గిన్నెలో ఎదుగుతున్న కోడిపిండపు ఆక్సాన్ కొనకు ఒక పక్కగా సన్నని గాజు గొట్టంతో ఎన్‌జీఎఫ్‌ను వదలగా, ఆ కొన నిమిషాల వ్యవధిలోనే అటు తిరిగింది. ఇక్కడ ‘బతికించడం’ అనే కారణాన్ని ఏ జన్యువునూ తీయకుండానే ఎలా తప్పించారో, కణం చనిపోవడానికి పట్టే కాలాన్ని దృష్టిలో పెట్టుకుని నాలుగు వాక్యాలలో రాయండి.