చేత్తో ఎలక్ట్రిక్ గిటారు చేయడం ఎలా? బెంగళూరులో చిన్న వర్క్‌షాపు ఉంటే చాలు

గిటారు చేద్దామనుకోగానే చాలామంది ముందు ఆకారం గీస్తారు, రంగు ఎంచుకుంటారు. మీరు ముందు నెక్ గురించి, అంటే తీగలు నొక్కే పొడవాటి మెడ గురించి ఆలోచించండి. బాడీ అంచు కాస్త వంకరగా వచ్చినా గిటారు పలుకుతుంది. నెక్ మీద ఉండే లోహపు మెట్టు, అంటే ఫ్రెట్, అర మిల్లీమీటరు పక్కకు పడితే మాత్రం ఎంత ఖరీదైన పికప్ (తీగ కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే భాగం) పెట్టినా అపశ్రుతే.

మొదటి గిటారుకు నెక్‌ను బాడీకి స్క్రూలతో బిగించే పద్ధతే మేలు. 1950లో లియో ఫెండర్ మార్కెట్లోకి తెచ్చిన గిటార్లు అలాంటివే. ఆయన రేడియోలు బాగుచేసిన మనిషి, గిటారు వాయించడం రాదు. పాడైన భాగాన్ని విప్పి మార్చుకునే వీలుండాలన్నది ఆయన ఆలోచన. కొత్తగా నేర్చుకునేవాళ్ళకూ అదే వరం. నెక్ చెడితే నెక్ ఒక్కటే మళ్ళీ చేసుకోవచ్చు.

కలప

మైసూరు రోడ్డు పక్కన టింబర్ యార్డ్ లేఅవుట్‌కు వెళ్ళండి. చిత్తూరు, అనంతపురం వైపు నుంచి వచ్చిన వడ్రంగులు ఈ ఊళ్ళో ఎందరో ఉన్నారు కాబట్టి భాషతో పెద్ద ఇబ్బంది ఉండదు. "అన్నా, రెండంగుళాల పలక కావాలి. బాగా ఎండింది, చేవ భాగమే ఇవ్వండి" అని అడగండి. అంచున తెల్లచెక్క ఉంటే వద్దనండి, పురుగు ముందు పట్టేది దాన్నే.

బాడీకి మహోగని సులువుగా కోతకు లొంగుతుంది. పాత ఇల్లు పడగొట్టినప్పుడు వచ్చిన టేకు ద్వారబంధం దొరికితే ఇంకా మంచిది, ఏళ్ళ తరబడి ఎండి ఉంటుంది. అయితే లోపల విరిగిన మేకులుంటాయి. అయస్కాంతం ఆడించి చూసుకోకుండా దానిమీద రూటర్ (చెక్కను తొలిచే కరెంటు పనిముట్టు) పెట్టొద్దు. టేకులో నూనె ఉంటుంది కనుక అతికించే ముందు అసిటోన్‌తో తుడవాలి. బరువూ ఎక్కువే, లోపల కొంత తొలిచి తగ్గించుకోవాలి. బొబ్బిలి, నూజివీడు వీణలకు వాడే పనస కూడా గిటారు బాడీకి పనికొస్తుంది. సన్నగా పాలిష్ పెడితే తేలే ఆ పసుపు రంగంటే నాకు ప్రాణం.

ఏ కలపైనా తేమ మీటరు పది శాతం దరిదాపుల్లో చూపించాలి. తెచ్చాక కొన్ని వారాలు పలకల మధ్య బద్దలు పెట్టి గాలి ఆడనివ్వండి. బెంగళూరులో జూన్ నుంచి అక్టోబరు దాకా మరింత ఓపిక పట్టాలి.

బాడీ

పలక మీద మధ్యగీతను కత్తిమొనతో గీయండి, పెన్సిల్ గీత మందంగా ఉంటుంది. నెక్, పికప్‌లు, బ్రిడ్జి (బాడీ మీద తీగలు ఆనే భాగం) అన్నిటి చోటూ ఆ గీత నుంచే కొలవాలి. 12 మి.మీ. ఎం.డి.ఎఫ్ (చెక్కపొడి నొక్కి చేసిన పలక)తో బాడీ ఆకారపు అచ్చు, అంటే టెంప్లేటు చేసి, బాడీని జిగ్‌సా (వంపులు కోసే కరెంటు రంపం)తో గీతకు 2 మి.మీ. బయటగా కోసి, మిగిలింది రూటర్‌తో తీయండి. ఒక్కో విడతకు 3 మి.మీ. లోతు మించొద్దు. నెక్‌కు అటూ ఇటూ బాడీ పొడుచుకొచ్చే కొమ్ముల దగ్గర నార ఎదురు తిరుగుతుంది. అక్కడ తొందరపడితే చెక్క పెచ్చుగా లేచిపోతుంది. మాస్కు లేకుండా ఈ పని చేయొద్దు.

నెక్ కూర్చునే గుంట 16 మి.మీ. లోతు, 56 మి.మీ. వెడల్పు ఉంటుంది. స్క్రూలు బిగించకముందే నెక్ పట్టుకుని ఎత్తితే బాడీ దానితోపాటే లేవాలి. అంత బిగుతు రావాలి.

నెక్, ఫ్రెట్‌లు

వీణలో 24 మెట్లనూ మైనంలో కూర్చుతారు. శ్రుతి తేడా చేస్తే మైనం మెత్తబరిచి మెట్టు జరపొచ్చు. గిటారుకు ఆ వెసులుబాటు లేదు, గాడి ఎక్కడ కోస్తే స్వరం అక్కడే.

లెక్క చిన్నదే. నట్ (నెక్ పైచివర తీగలు ఆనే గాళ్ళ పట్టీ) నుంచి బ్రిడ్జి దాకా తీగ పొడవు 648 మి.మీ. అనుకుందాం. దాన్ని 17.817తో భాగిస్తే 36.37. అది మొదటి ఫ్రెట్ దూరం. మిగిలిన 611.63ను మళ్ళీ 17.817తో భాగిస్తే 34.33 వస్తుంది. ఇలా చేసుకుంటూ పోతే 12వ ఫ్రెట్ సరిగ్గా సగంలో, 324 దగ్గర పడాలి. పడకపోతే ఎక్కడో లెక్క తప్పినట్టే. గుర్తులు పెట్టేటప్పుడు మాత్రం ఫ్రెట్ నుంచి ఫ్రెట్‌కు కొలవొద్దు, చిన్న తేడాలన్నీ కూడి పెద్దవవుతాయి. స్కేలును నట్ దగ్గరే ఉంచి 36.37, 70.70, 103.10 అని వరసగా గీసుకుంటూ వెళ్ళండి.

ఫింగర్‌బోర్డుకు, అంటే నెక్ మీద ఫ్రెట్‌లు కూర్చునే పలకకు, రోజ్‌వుడ్ బాగుంటుంది, దాని పొడి మాత్రం చాలామందికి పడదు. గాళ్ళన్నీ బోర్డు దీర్ఘచతురస్రంగా ఉన్నప్పుడే కోయాలి. అంచులు ఏటవాలుగా కోసేశాక మూలమట్టానికి ఆనించడానికి తిన్నని అంచే మిగలదు. రంపం కోత ఫ్రెట్ తీగ కాలికి (గాడిలో దిగే అంచుకు) సరిపోవాలి, సాధారణంగా 0.6 మి.మీ. లోపే.

ఆరు తీగలు కలిసి నెక్‌ను 45 కిలోల దరిదాపు బలంతో లాగుతాయి. అందుకే ఫింగర్‌బోర్డు అతికించే ముందే నెక్‌లో గాడి తీసి ట్రస్ రాడ్ (నెక్ వంపును సరిచేసే ఇనుప కడ్డీ) కూర్చాలి. అతికించాక 12 అంగుళాల వ్యాసార్థమున్న దిమ్మకు గరుకు కాగితం చుట్టి పైభాగం గుండ్రం చేయండి. ఫ్రెట్ తీగను అంతకంటే కాస్త ఎక్కువ వంచి, ముందు రెండు చివరలూ, తర్వాత మధ్యా సుత్తితో కొట్టండి.

ఇక ఫ్రెట్‌లన్నీ ఒకే ఎత్తుకు రావాలి. ట్రస్ రాడ్‌తో నెక్ తిన్నగా చేసి, ప్రతి ఫ్రెట్ నెత్తిన నల్ల మార్కర్ రుద్దండి. చదునైన ఇనుప పట్టీకి 400 నంబరు కాగితం అతికించి నెక్ పొడవునా మెల్లగా లాగండి. నలుపు పోయినవి ఎత్తు ఫ్రెట్‌లు, నలుపు నిలిచినవి పల్లం. అన్నిటి మీదా నలుపు పోగానే ఆపేయండి. తర్వాత ఒక్కో ఫ్రెట్ తలనూ ఆకురాయితో గుండ్రం చేసి మెరుగు పెట్టండి. దీనికి ఒక పూట పూర్తిగా పట్టినా తొందరపడొద్దు. చెయ్యి జారుతూ వాయించే సుఖం ఇక్కడే పుడుతుంది.

పాలిష్, వైరింగ్

మొదటిసారికి స్ప్రే లక్కరు వద్దు, వానాకాలంలో తేమకు తెల్లబారుతుంది. లక్కతో చేసే ఫ్రెంచ్ పాలిష్ గానీ, నూనె గానీ గుడ్డతో పలచటి పొరలుగా పట్టించండి.

వైరింగు సామానంతా ఎస్.పి. రోడ్డులో దొరుకుతుంది. ఒకే తీగచుట్ట ఉండే సింగిల్ కాయిల్ పికప్‌కు 250 కిలో ఓమ్‌లు, రెండు చుట్టలుండే హంబకర్ పికప్‌కు 500 కిలో ఓమ్‌ల పాట్‌లు (శబ్దం, టోన్ తిప్పే నాబ్‌ల కింది భాగాలు) అడగండి. పికప్ గుంటల లోపల రాగి రేకు టేపు అతికించి గ్రౌండుకు కలపండి. బ్రిడ్జి నుంచి కూడా గ్రౌండుకు ఒక తీగ వెళ్ళాలి. అది మరిచిపోతే ఆంప్ గుయ్యిమంటుంది.

బిగింపు

తీగలు కట్టి శ్రుతి చేశాక ట్రస్ రాడ్ తిప్పి నెక్‌కు దళసరి కాగితం పట్టేంత వంపు, అంటే 0.25 మి.మీ. ఇవ్వండి. 12వ ఫ్రెట్ దగ్గర తీగ ఎత్తు 1.6 నుంచి 2 మి.మీ. మధ్య ఉండాలి. ఆఖరున ట్యూనర్ పెట్టి 12వ ఫ్రెట్ మీద ముందు హార్మోనిక్ (తీగను నొక్కకుండా తాకి మీటితే వచ్చే స్వరం), తర్వాత తీగ నొక్కిన స్వరం చూడండి. నొక్కిన స్వరం ఎక్కువ చూపిస్తే శాడిల్‌ను (బ్రిడ్జి మీద ఆ తీగ ఆనే ముక్కను) వెనక్కి, తక్కువ చూపిస్తే నెక్ వైపుకు జరపండి. ఆరు తీగలకూ ఇలా చేశాక గిటారును వారం పాటు శ్రుతిలోనే ఉంచి, నెక్ వంపు మరోసారి కొలవండి. ఆ లాగుడుకు కొత్త నెక్ కొద్దిగా వంగుతుంది, అప్పుడు ట్రస్ రాడ్ కాస్త బిగిస్తే సరిపోతుంది.