బండి సైడ్‌కి పెట్టమన్నప్పుడు: ఒక క్యాబ్ డ్రైవర్ చెప్పే పద్ధతి

నాది పసుపు ప్లేటు. పదిహేడేళ్లుగా నడుపుతున్నా. సొంత కారువాళ్లను పోలీసులు ఏడాదికి రెండు మూడుసార్లు ఆపితే ఎక్కువ, నన్ను నెలకే అన్నిసార్లు ఆపుతారు. లైసెన్సు, ఆర్‌సీ, ఇన్సూరెన్సు, పొల్యూషన్ అందరికీ ఉండేవే. మాకు వాటి మీద ఫిట్‌నెస్, పర్మిట్ కూడా ఉండాలి. ఆరింటిలో ఒక్కటైనా దొరక్కపోతుందా అని వెతికేవాళ్లూ ఉంటారు, చూసి పద అనేవాళ్లూ ఉంటారు. మొన్న మా స్టాండులో కొత్తగా బండి తీసిన కుర్రాడు "అన్నా, ఆపితే ఏం మాట్లాడాలి?" అనడిగాడు. రెండు టీలు అయ్యేదాకా వాడికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నా.

రోడ్డు మీద వాదించి గెలిచిన డ్రైవర్‌ను నేను ఇంతవరకు చూడలేదు. గెలిస్తే తర్వాతే, అదీ కాగితం మీదే. కాబట్టి అక్కడ మన పని ఒక్కటే. జరిగిన ప్రతిదానికీ ఒక రసీదో, ఒక టైమో, ఒక పేరో మిగిలేలా చూసుకోవాలి.

ఆపగానే

ఇండికేటర్ వేసి ఎడమకు తీయండి. రాత్రయితే లోపలి లైట్ వేయండి, అద్దం పూర్తిగా దించండి, చేతులు స్టీరింగ్ మీద పెట్టండి. లోపల ఎవరున్నారో, ఏముందో వచ్చేవాడికి తెలియదు, అతనికీ టెన్షనే. కాగితాలు పట్టుకుని మనమే దిగి జీపు దగ్గరికి నడిచి వెళ్లడం మావాళ్లకు పాత అలవాటు. అది మానండి. బేరాలన్నీ జరిగేది ఆ జీపు వెనకాలే. రమ్మని పిలిస్తే వెళ్లండి, బండి లాక్ చేసి తాళం జేబులో వేసుకుని వెళ్లండి.

యూనిఫారంలో ఉన్న పోలీసు అధికారి అడిగితే లైసెన్సు చూపించాల్సిందే. 1988 మోటారు వాహనాల చట్టం 130వ సెక్షన్ అదే చెబుతుంది. "ఎందుకు చూపించాలి?" అని మొదలుపెట్టారంటే చట్టం మీవైపు లేదు. యూనిఫారం అనే మాట కూడా ఆ సెక్షన్‌లోనే ఉంది. మామూలు చొక్కాలో వచ్చి "పేపర్లు తీయ్" అన్నవాడిని ఐడీ కార్డు అడగడంలో తప్పేమీ లేదు. అవసరమైతే అక్కడి నుంచే 112కి ఫోన్ చేయొచ్చు.

అసలు కాగితాలు వెంట లేకపోయినా ప్రభుత్వ యాప్‌లైన డిజీలాకర్‌లోనో ఎంపరివాహన్‌లోనో ఉన్నవి చెల్లుతాయి. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 139వ నిబంధనను మార్చి ఎలక్ట్రానిక్ రూపాన్ని ఒప్పుకున్నారు. గ్యాలరీలో ఉన్న లైసెన్సు ఫోటో మాత్రం చెల్లదు. మా కుర్రాడు రెండూ ఒకటే అనుకుంటున్నాడు.

ఫోన్‌లో చూపించమన్నారు కదా అని ఫోన్ చేతికిచ్చేయకండి. స్క్రీన్ వాళ్ల వైపు తిప్పి పట్టుకుంటే చాలు. 2021లో హైదరాబాద్‌లో రోడ్డు మీద ఆపి వాట్సాప్‌లో గంజాయి మాటలున్నాయేమో వెతికారని పెద్ద గొడవే అయింది. లైసెన్సు తనిఖీకీ మన మెసేజ్‌లకీ సంబంధం లేదు. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని 2017లో సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీల ధర్మాసనం తేల్చింది. "లైసెన్సు ఇదిగో సార్, ఫోన్ మాత్రం ఇవ్వలేను" అనండి. గొంతు పెంచకుండా అనండి.

తాళం సంగతి

ఒక రాత్రి వాన పడుతోంది. వెనక సీట్లో ఎయిర్‌పోర్టుకు వెళ్లాల్సిన పెద్దాయన, ఒళ్లో బ్యాగు. ఆపారు, అద్దం దించాను. నేను నోరు తెరవకముందే కిటికీలోంచి చెయ్యొచ్చి తాళం తీసేసింది. హోంగార్డు. తాళం జేబులో వేసుకుని వెనక బండిని ఆపడానికి వెళ్లిపోయాడు. వైపర్లు అద్దం మధ్యలో ఆగిపోయాయి. పెద్దాయన గడియారం చూసుకుంటున్నాడు.

పాతరోజుల్లో అయితే దిగి అరిచేవాణ్ని. ఆ రోజు దిగి, తడుస్తూనే నేరుగా ఎస్ఐ దగ్గరికి వెళ్లాను. "సార్, పేపర్లన్నీ ఉన్నాయి, చూడండి. తప్పుంటే చలానా రాయండి. తాళం మీ హోంగార్డు దగ్గరుంది, ఏ సెక్షన్ కింద తీసుకున్నారో చలానాలో రాయించండి సార్" అన్నాను. ఆయన నా వైపు ఒక క్షణం చూసి, "ఏయ్, తాళమిచ్చెయ్" అని అరిచాడు. అంతే. విమానం అందింది.

మోటారు వాహనాల చట్టం మొత్తంలో తాళం లాక్కోమని ఏ సెక్షనూ చెప్పదు. టైర్లలో గాలి తీయమని కూడా చెప్పదు. ఆ ముక్క ఎస్ఐకి నేను చెప్పాల్సిన పని పడలేదు, ఆయనకు తెలుసు. నేను చేసిందల్లా దాన్ని కాగితం మీద పెట్టమని అడగడమే. "ఏ సెక్షన్ సార్?" అనే మాటకు బలం గొంతులో ఉంటుంది. తెలుసుకోవడానికి అడిగినట్టుంటే జవాబొస్తుంది. సవాలు చేసినట్టుంటే ఇంకో రెండు కేసులొస్తాయి.

చెయ్యి మాత్రం ఎప్పుడూ తగలనీయకండి. తాళం కోసం చెయ్యి పట్టుకున్నా సరే, విధుల్లో ఉన్న ఉద్యోగి మీద బలప్రయోగం చేశాడని భారతీయ న్యాయ సంహిత 132వ సెక్షన్ కింద కేసు పెట్టొచ్చు. దానికి రెండేళ్ల దాకా జైలుంది. అప్పుడు తాళం కథ ఎవరూ వినరు.

డబ్బు

ఇది నా తప్పే, దాచుకోను. బండి తీసిన కొత్తలో సిగ్నల్ దాటానని ఆపారు. వెయ్యి అన్నారు, ఐదొందలకు తెగింది. రసీదు అడగలేదు, అడిగితే మళ్లీ వెయ్యి అంటారని భయం. రెండు నెలలకు చూస్తే అదే రోజు, అదే సిగ్నల్, కెమెరా తీసిన ఫోటోతో సహా చలానా పెండింగ్‌లో ఉంది. అది మళ్లీ కట్టాను. ఆ ఐదొందలు ఏ ఖాతాకు వెళ్లాయో మీకూ తెలుసు.

అప్పటి నుంచి మెషీన్‌లోంచి రసీదు రాకుండా నా జేబులోంచి పైసా రాదు. చలానాలో బండి నంబరు, చోటు, తేదీ, టైమ్, సెక్షన్ ఉన్నాయో లేదో అక్కడే చదవండి. మోటారు వాహనాల చట్టంలో ఒక రేటుంటుంది, కోర్టుకు వెళ్లకుండా రాజీగా కట్టించుకునే రేటును 200వ సెక్షన్ కింద రాష్ట్రం నోటిఫై చేస్తుంది. అందుకే పక్క రాష్ట్రంలో విన్న అంకె పట్టుకుని గొడవపడకండి. అక్కడే కట్టి తీరాలనీ లేదు, తప్పు చేయలేదనుకుంటే కోర్టులో తేల్చుకుంటానని చెప్పొచ్చు. అలా చెప్పి నాలుగుసార్లు కోర్టు చుట్టూ తిరిగే ఓపిక ఉందా అన్నది వేరే లెక్క. రెండొందల చలానాకైతే నాకు లేదు.

కెమెరా చలానా వస్తే కట్టేముందు ఫోటో తెరిచి చూడండి. ఒకసారి నా కారుకు హెల్మెట్ లేదని చలానా వచ్చింది! ఫోటోలో ఎవరిదో బైకు, నంబరులో నా 8 ఉన్నచోట 3. ఈ-చలానా సైట్‌లోనే ఫిర్యాదు పెట్టాను, ఆర్‌సీ జతచేశాను, తీసేశారు.

మిమ్మల్ని బెదిరించి లంచం తీసుకున్నారా? అవినీతి నిరోధక చట్టానికి 2018లో వచ్చిన సవరణతో లంచం ఇచ్చినవాడూ నేరస్తుడే. అయితే బలవంతం మీద ఇచ్చి, 7 రోజుల్లోపు ఫిర్యాదు చేస్తే ఆ నేరం మీకు తగలదు. తెలంగాణలో ఏసీబీ నంబరు 1064. ఏడు రోజుల లెక్క గుర్తుంచుకోండి, ఎనిమిదో రోజు ఊగిసలాడితే లాభం లేదు.

లైసెన్సో బండో తీసుకుంటే

లైసెన్సు తీసుకునే అధికారం వాళ్లకుంది, కాదనకండి. కానీ మోటారు వాహనాల చట్టం 206వ సెక్షన్ ప్రకారం తీసుకున్నట్టు తాత్కాలిక రసీదు ఇవ్వాలి. ఆ రసీదు మీద, అందులో రాసిన తేదీ దాకా బండి నడుపుకోవచ్చు. రసీదు లేకుండా లైసెన్సు ఇచ్చి వచ్చారంటే రేపు ఇంకో పాయింట్‌లో మీరు లైసెన్సు లేని డ్రైవరే.

బండిని ఆపేసుకునే అధికారం 207లో ఉంది, ముఖ్యంగా లైసెన్సు, రిజిస్ట్రేషన్, పర్మిట్ లేనప్పుడు. అది జరిగితే అన్ని వైపుల నుంచీ ఫోటోలు తీయండి. కిలోమీటర్ రీడింగ్, డిక్కీలో స్టెపినీ, లోపలి సామాను కూడా తీయండి. విడిపించుకునే రోజు స్టెపినీ గురించి గొడవపడటం నాకు తెలుసు.

మందు తాగి నడిపినవాడి తరఫున మాట్లాడను. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే కేసే, మొదటిసారే 10 వేల జరిమానా గానీ ఆరు నెలల దాకా జైలు గానీ రెండూ గానీ. ఊదే పరీక్ష వద్దనకండి, మెషీన్‌కు కొత్త పైపు వేయమని అడగండి, రీడింగ్ ప్రింట్ చూడండి. తాగి నడిపినందుకు 185వ సెక్షన్ కింద అరెస్టు చేస్తే రెండు గంటల్లోపు వైద్య పరీక్ష జరగాలి, లేకపోతే వదిలేయాలని 202వ సెక్షన్ అంటుంది. తాగనివాడు పక్కనుంటే బండి అతనికివ్వాలనీ, ఎవరూ లేకపోతే దగ్గరివాళ్లకు కబురు చేయాలనీ తెలంగాణ హైకోర్టు 2021లో చెప్పింది.

స్టేషన్‌కి రమ్మంటే

"అరెస్టా సార్?" అని ఒక్క ప్రశ్న. కాదంటే ఎందుకో అడగండి. అవునంటే కారణం చెప్పాలి, ఇంట్లోవాళ్లకు తెలియజేయాలి, 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు పెట్టాలి. ఆడవాళ్లను సోదా చేయాలంటే మహిళా పోలీసే చేయాలి. స్టేషన్లన్నిటిలో సీసీ కెమెరాలు ఉండాలని 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. లోపలికి వెళ్లిన టైమ్, బయటికొచ్చిన టైమ్ రాసుకుంటే ఫుటేజీ అడిగేటప్పుడు పనికొస్తుంది.

వీడియో తీయొచ్చా అని అందరూ అడుగుతారు. నడిరోడ్డు మీద డ్యూటీ చేస్తున్నవాళ్లను తీయకూడదనే చట్టం లేదు. కానీ మొహంలో పెట్టి తీస్తే పని అడ్డుకున్నావంటారు. నేను ఫోన్‌ను డ్యాష్‌బోర్డు హోల్డర్‌లోంచి తీయను, అక్కడే రికార్డు నొక్కి వదిలేస్తా. దృశ్యం సరిగా రాకపోయినా మాటలు వస్తాయి.

ఫిర్యాదు ఇవ్వాలంటే నగరంలో ట్రాఫిక్ డీసీపీకి, జిల్లాలో ఎస్పీకి రాతపూర్వకంగా, రిజిస్టర్డ్ పోస్టులో. 2006 ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన పోలీసు ఫిర్యాదుల అథారిటీ అనేది ఒకటుంది, పెద్ద విషయమైతే అక్కడికీ పంపండి. ఆ రోజు ఆ పాయింట్‌లో డ్యూటీ ఎవరిదో 10 రూపాయల ఆర్‌టీఐ దరఖాస్తుతో అడగొచ్చు. "దురుసుగా ప్రవర్తించారు" అని రాస్తే ఎవరూ కదలరు. "రాత్రి 9.20, ఫలానా పిల్లర్ దగ్గర, ఛాతీ మీద పేరు ఇది, ఈ మాట అన్నారు" అని రాస్తే జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది.

మోటారు వాహనాల చట్టంలో 210బి అని ఒక సెక్షన్ ఉంది. అమలు చేసే అధికారే ఆ చట్టాన్ని ఉల్లంఘిస్తే జరిమానా రెట్టింపు. హెల్మెట్ లేకుండా పోయే కానిస్టేబుల్‌ను చూసినప్పుడల్లా గుర్తొస్తుంది. పైకి మాత్రం ఎవరితోనూ అనలేదు, నా బండి కూడా అదే రోడ్డు మీద తిరగాలి.

నా గ్లవ్ బాక్సులో అరచేతంత నోటుబుక్కు ఉంటుంది. ఆపిన ప్రతిసారీ రెండు లైన్లు రాస్తా. కుర్రాడికి అది తెరిచి చూపించాను. మొన్నటిది ఇలా ఉంది: "రాత్రి 11.40. ఫ్లైఓవర్ దిగాక. ఎస్ఐ. లైసెన్సు, పర్మిట్ చూశారు. జాగ్రత్తగా వెళ్లు అన్నారు." పేజీలు తిప్పితే నూటికి తొంభై అలాంటివే. వాడు నాలుగు పేజీలు తిప్పి, "ఇందులో ఏం లేదు కదన్నా" అన్నాడు.